పది డాలర్ల కిటికీ

"అమ్మా, మన కిటికీ ఒక్కటే ఎందుకమ్మా ఖాళీగా ఉంది?"

మా అమ్మాయి ఈ ప్రశ్న వేసేనాటికి దానికి ఆరేళ్ళు. 2018 అక్టోబరు రెండో వారం. అప్పట్లో మేం అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో, ఒక అపార్ట్‌మెంటులో కింది వాటాలో ఉండేవాళ్ళం. బడి బస్సు దిగి ఇంటికొచ్చే దారి పొడవునా వరసగా కిటికీలు. ఒకదాంట్లో అస్థిపంజరం వేలాడుతూ ఉంటుంది. ఇంకొకదాంట్లో ఊదారంగు దీపాలు మిణుకు మిణుకుమంటుంటాయి. మరోదాంట్లో ఎవరైనా దగ్గరికొస్తే చాలు, కీచుమని నవ్వే మంత్రగత్తె బొమ్మ. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ పండగ కోసం ఈ హడావుడంతా. నిజానికి ఖాళీగా ఉన్నది మా ఒక్కరిదే కాదు, ఎదురు వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ కిటికీ కూడా చీకటే. కానీ పసిపిల్లకి పక్కవాళ్ళ చీకటితో పనేముంది చెప్పండి? దానికి కనబడేది దాని ఇల్లే.

ఇంట్లో ఆయన ఒక్కరిదే జీతం. అద్దె, కారు వాయిదా, ఇక్కడ మామగారి మందులకి పంపేది పోను మిగిలేదెంతో మా ఇద్దరికీ తెలుసు. నేను వెళ్ళింది హెచ్-4 వీసా మీద. అంటే భర్త ఉద్యోగం మీద భార్యకి ఇచ్చే వీసా. 2015 నుంచి, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటిన భార్యలకి ఉద్యోగం చేసుకునే అనుమతి ఇస్తున్నారు. మాకింకా ఆ దశ రాలేదు. చేతిలో డిగ్రీ ఉంది, రాసుకోవడానికి కలం ఉంది, నాదంటూ సంపాదించిన డాలరు మాత్రం ఒక్కటీ లేదు. అడిగితే ఆయన కాదనే మనిషి కాదు. కానీ అడగాల్సి రావడం అనేది ఒకటుంది చూశారూ, ఆ సంగతి ఇల్లాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు.

సరే, చూసొద్దామని ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. ఆ పిల్ల బొమ్మలు చూస్తుంటే నేను బొమ్మల వీపు మీద అంటించిన ధరలు చూస్తున్నాను. ప్లాస్టిక్ అస్థిపంజరం నలభై డాలర్లు. ప్రతి ధరనీ మనసులో డెబ్బైమూడుతో హెచ్చవేసుకునే అలవాటు నాకు అప్పటికింకా పోలేదు. దాదాపు మూడు వేల రూపాయలు! ఒక్క రాత్రి పండక్కి, ఎముకలకి మూడు వేలా? పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. అదేమీ ఏడవలేదు, పేచీ పెట్టలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. దారిలో నెమ్మదిగా అంది గదా, "పోనీలే అమ్మా, మనది ఇండియా ఇల్లు కదా" అని.

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. ఆ రాత్రి కూరగాయల డబ్బులోంచి పది డాలర్ల నోటు ఒకటి తీసి బల్ల మీద పెట్టాను. "ఇదిగో, ఇంతే. ఒక్క సెంటు కూడా ఎక్కువ లేదు. దీంతో మన కిటికీ మనమే చేసుకుందాం" అన్నాను.

మర్నాడు ఫోనులో విషయం విని మా అత్తగారు మండిపడ్డారు. "లక్ష్మీదేవిలాంటి ఆడపిల్ల తిరిగే ఇంట్లో దెయ్యాల బొమ్మలేమిటే? బుద్ధుందా మీకు?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. హాలోవీన్ అంటే దెయ్యాల పండగ అనే మనకి తెలుసు. కానీ దాని పూర్వాపరాలు కాస్త చూస్తే అంత పరాయిగా ఏమీ అనిపించదు.

ఇప్పుడు ఐర్లండు, బ్రిటన్ అంటున్న ప్రాంతాల్లో పూర్వం ఉండిన కెల్టు జాతుల వారికి నవంబరు మొదటి తేదీ ముఖ్యమైన రోజు. పంట కోతలు అయిపోయి చలికాలం మొదలయ్యే రోజు. దానికి ముందు రాత్రి చనిపోయినవాళ్ళు ఇళ్ళ వైపు వస్తారని వాళ్ళ నమ్మకం. మంటలు వేసేవాళ్ళు, వేషాలు కట్టేవాళ్ళు. తర్వాత క్రైస్తవం వచ్చి నవంబరు మొదటి తేదీని పునీతులందరినీ తలచుకునే రోజు చేసింది. 'హాలో' అంటే పాత ఇంగ్లీషులో పునీతుడు. ఆ రోజుకి ముందు సాయంత్రం కనుక హాలోవీన్ అయింది. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువుకి తట్టుకోలేక లక్షలాది ఐరిష్ ప్రజలు అమెరికాకి వలసపోయారు. పొట్టచేత పట్టుకుని వెళ్ళిన ఆ జనమే ఈ పండగ అక్కడ బాగా పాతుకుపోవడానికి ముఖ్య కారణం. తమ దేశంలో టర్నిప్ అనే ముల్లంగిలాంటి దుంపని తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవాళ్ళు. అమెరికాలో పెద్ద పెద్ద గుమ్మడికాయలు చవగ్గా దొరికాయి. తొలవడం తేలిక. దాంతో దుంప పోయి గుమ్మడి వచ్చింది. చూడండి, ఆ పండగకి గుర్తయిపోయిన గుమ్మడికాయ కూడా వలసవచ్చినవాళ్ళు చేతికి దొరికినదాంతో సరిపెట్టుకున్న సర్దుబాటే!

ఇదంతా మా అత్తగారికి చెప్పి, "మన గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయకి గుడ్లు, కోరమీసాలు ఎందుకు పెడతాం అత్తయ్యా? కొత్తిల్లు కట్టేటప్పుడు దిష్టిబొమ్మకి నాలుక ఎందుకు బయటపెడతాం?" అన్నాను. కాసేపు అవతలినుంచి చప్పుడు లేదు. తర్వాత, "సర్లే, దీపం మాత్రం జాగ్రత్త. పరదాలు అంటుకుంటాయి" అన్నారు. ఆవిడ ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. ఇవాళ ఈ పండగ అమెరికాలో పెద్ద వ్యాపారం. ఒక్క 2023లోనే హాలోవీన్‌కి జనం 1,220 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తారని అక్కడి చిల్లర వర్తకుల సమాఖ్య లెక్కగట్టింది. అందులో దాదాపు 390 కోట్లు ఇంటి అలంకరణలకే. ఇంతింత డబ్బు పోస్తే తప్ప ముచ్చట తీరదని ఎదురింటి కిటికీ చూసి మనమూ నమ్మేస్తాం. కానీ నూరేళ్ళ కిందట ఇలా లేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో డెన్నిసన్ అని కాగితపు సరుకులు చేసే కంపెనీ ఒకటుండేది. వాళ్ళు 1909లో 'బోగీ బుక్' అని ఒక చిన్న పుస్తకం వేశారు. బోగీ అంటే రైలుపెట్టె అనుకునేరు, మన బూచిలాంటి మాట అది. ముడతల కాగితం కత్తిరించి గదినీ బల్లనీ ఎలా అలంకరించాలో, వేషాలు ఎలా కుట్టుకోవాలో అందులో ఉండేది. వాళ్ళ ఉద్దేశం వాళ్ళ కాగితం అమ్ముకోవడమేననుకోండి. అయినా కొన్నది కాగితమే, మిగతాదంతా ఇంట్లోవాళ్ళ చేతిపని. ఆ చేతిపనిని కూడా తయారుచేసి పెట్టెలో పెట్టి అమ్మడం తర్వాత వచ్చింది. అమ్మేవాళ్ళు అమ్ముతారు. కొనకపోతే మనం తక్కువైపోతామన్న బెంగ మాత్రం మనం ఎందుకు కొనుక్కోవాలి?

ఇంతకీ మేం ఏం చేశామో చెబుతాను. మీ పిల్లలు అక్కడ ఉంటే, లేదా కోడలి పురిటికనో కూతురి పురిటికనో మీరే ఆ రోజుల్లో అక్కడ ఉంటే పనికొస్తుంది.

మొట్టమొదట చెయ్యాల్సిన పని, చీకటి పడ్డాక బయటికెళ్ళి మన కిటికీని మనమే దారినపోయేవాళ్ళలా చూడటం. లోపల కూచుని చేస్తే మనకి నచ్చినట్టే చేస్తాం. కిటికీ అలంకరణ బయటివాళ్ళ కోసం కదా! వెళ్ళి చూస్తే నాకు అర్థమైంది. చిన్నచిన్న వస్తువులు పది పెట్టినా రోడ్డు మీదికి ఏమీ కనబడవు. పెద్ద ఆకారం ఒకటి, దాని వెనక వెలుతురు, అంతే కనబడేది. మన తోలుబొమ్మలాట కిటుకే ఇది. తెర, బొమ్మ, వెనక దీపం. ఇవి మూడూ కుదిరితే మిగతాదంతా చూసేవాళ్ళు ఊహించుకుంటారు.

అన్నీ ఒక డాలరుకే అమ్మే దుకాణంలో రెండు నల్ల అట్టకాగితాలు, నారింజరంగు పల్చటి కాగితాల కట్ట ఒకటి, అతికించే టేపు ఒకటి, బ్యాటరీతో వెలిగే బుల్లి దీపాల పాకెట్లు రెండు కొన్నాను. ఆరు వస్తువులు, ఆరు డాలర్లు. కూరల దుకాణంలో మూడు డాలర్లకి ఒక చిన్న గుమ్మడికాయ. పన్నుతో కలిపి తొమ్మిదిన్నర డాలర్ల లోపే అయింది. మిగిలిన చిల్లర అమ్మాయి కిడ్డీ బ్యాంకులో వేసుకుంది. పిల్లలకి పంచే చాక్లెట్ల సంచి వేరే లెక్క. అది నెల సరుకుల్లో కలిపేశాను. నిజం చెప్పాలి కదా!

మిగతా సరంజామా అంతా ఇంట్లోదే. పాలు అక్కడ దాదాపు నాలుగు లీటర్లు పట్టే తెల్లటి ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తాయి. అవి నాలుగు కడిగి ఆరబెట్టాం. ఆన్‌లైన్లో సరుకులు తెచ్చిన అట్టపెట్టెలున్నాయి. మావారి పాత పంచె ఒకటుంది. చెట్ల కింద రాలిన ఎండుపుల్లలు కావలసినన్ని.

నల్లకాగితాన్ని మధ్యకి మడిచి, మడత వైపు ఒంటి రెక్క బొమ్మ గీసి కత్తిరిస్తే, విప్పేసరికి రెండు రెక్కల గబ్బిలం. శ్రీరామనవమి పందిట్లో రంగుకాగితాల తోరణాలు కత్తిరించిన ఏ ఆడపిల్లకైనా ఇది కొత్త విద్య కాదు. ఇల్లు, ఎండుచెట్టు, పిల్లి ఆకారాలు కూడా అలాగే కత్తిరించాం. కాగితం చాలకపోతే అట్టపెట్టె ముక్కకి నల్లరంగు పులిమాం. కిటికీ అద్దానికి లోపలివైపు ముందు ఈ నల్ల ఆకారాలు అంటించి, వాటి మీదుగా నారింజరంగు పల్చటి కాగితం పరిచాం. దాని వెనక, రెండడుగుల దూరంలో మామూలు బల్లదీపం. అది కూడా వేడెక్కని ఎల్ఈడీ బల్బుది. పగలు చూస్తే ఏదో పిల్లల పనిలా ఉంటుంది. చీకటిపడి దీపం వేశామో, ఊరికి ఊరే అంటుకున్నట్టు నారింజ వెలుగులో నల్లటి ఇల్లు, దాని మీద ఎగిరే గబ్బిలాలు!

పంచె నడుమ ఉండచుట్టిన పాత పేపరు పెట్టి, మెడ దగ్గర దారం కట్టి, పరదా కడ్డీకి వేలాడదీస్తే దెయ్యం. కుట్టడం లేదు, కత్తిరించడం లేదు. పండగయ్యాక ఉతికి మడిచి బీరువాలో పెట్టేశాం. పాలడబ్బాల మీద నల్ల మార్కరుతో కళ్ళు, నోళ్ళు గీయడం అమ్మాయి పని. ఒకటి నవ్వుతూ, ఒకటి ఏడుస్తూ, ఒకటి నిద్రపోతూ. నాలుగోది వాళ్ళ నాన్నలా, కళ్ళజోడుతో. వాటి వీపున చిన్న కంత చేసి బుల్లి దీపం లోపల పెడితే పాలవెన్నెలలా వెలిగాయి.

పొరపాట్లు లేవా అంటే, లేకేం! 'హ్యాపీ హాలోవీన్' అని ఇంగ్లీషు అక్షరాలు కష్టపడి కత్తిరించి అందంగా అంటించాం. ఆఫీసు నుంచి వచ్చిన మావారు బయటే నిలబడి, "ఏ భాషే అది?" అని ఒకటే నవ్వు. లోపలికి సరిగ్గా కనబడేలా అంటించాం కాబట్టి బయటికి అన్నీ తలకిందులు! అక్షరాన్ని తిరగేసి అంటించాలనీ, వరస కూడా కుడినుంచి ఎడమకి పెట్టాలనీ అప్పుడు తెలిసింది. అన్నీ పీకి మళ్ళీ పెట్టాం. చివరి అక్షరం ఒక్కటి మాత్రం అమ్మాయి తియ్యనివ్వలేదు. "దెయ్యాలు అలాగే రాస్తాయమ్మా, ఉండనీ" అంది. ఉండనిచ్చాం.

ఇంకొన్ని జాగ్రత్తలు. కాగితాల దగ్గర కొవ్వొత్తి వద్దే వద్దు. పల్చటి కాగితం, పాత గుడ్డ, పిల్లల వేషాల బట్టలు, ఇవన్నీ క్షణంలో అంటుకునేవే. మా అత్తగారు ఫోనులో చెప్పింది అక్షరాలా నిజం. అద్దెఇల్లు కాబట్టి గోడకి మేకులు, టేపులు వద్దు. ఏది అంటించినా అద్దానికే. అద్దం మీద రంగు వెయ్యాలనుకుంటే నీళ్ళతో పోయే పిల్లల పోస్టరు రంగులో గిన్నెలు తోమే సబ్బునీళ్ళు కొద్దిగా కలిపితే తర్వాత తుడవడం సులువు. ముందు ఒక మూల కాస్త పూసి చూసుకోండి. కిటికీకి అడ్డంగా తీగలూ బల్లలూ పేర్చకండి. అవసరమైతే దాన్ని తెరవగలగాలి.

గుమ్మడికాయ సంగతి చెప్పలేదు కదూ. అందరూ దాన్ని తొలిచి ముఖం చెక్కుతారు. ఆరేళ్ళ పిల్ల చేతికి కత్తి ఇవ్వడం నాకిష్టం లేదు. పైగా ఒకసారి కోసిన గుమ్మడి నాలుగైదు రోజులకే మెత్తబడి బూజు పడుతుంది. అందుకని మేం కొయ్యలేదు. కాగితం కళ్ళు, కాగితం మీసాలు అంటించి కిటికీ గట్టు మీద కూచోబెట్టాం. నవంబరు రెండో తేదీన మీసాలు తీసేసి, కడిగి, తరిగి పులుసు పెట్టాను. గింజలు ఉప్పు రాసి వేయించాను. చెక్కడానికని అమ్మే పెద్దకాయలు రుచి ఉండవు, చప్పగా నీళ్ళోడుతూ ఉంటాయి. వంటకి చిన్నకాయే మేలు. అలంకరణని మర్నాడు అన్నంలో కలుపుకు తినడం కంటే పొదుపు ఇంకేముంది?

తర్వాత తెలిసిన ఇంకో మంచిమాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొన్ని ఇళ్ళ ముందు నెమలికంఠం రంగుకి దగ్గరగా ఉండే నీలి ఆకుపచ్చ గుమ్మడికాయ కనబడుతుంది. వేరుశనగ, పాలు వంటివి పడని పిల్లలకి ఈ ఇంట్లో తినుబండారం కాకుండా చిన్న బొమ్మో పెన్సిలో ఇస్తారని దాని గుర్తు. టెన్నెసీ రాష్ట్రంలో 2012లో స్థానికంగా మొదలై, 2014 నుంచి దేశమంతా పాకింది. ఒక రంగు మార్చినంత మాత్రాన ఎవరో తల్లికి గుండె తేలికవుతుంది. దీనికి ఖర్చెంత? కాస్త రంగు. కిటికీలో పెట్టే వస్తువు ఎంత ఖరీదు అన్నదానికంటే, అది అవతలివాళ్ళకి ఏం చెబుతోంది అన్నది ముఖ్యమని నాకు గట్టిగా అనిపించింది అందుకే.

అక్టోబరు 31 బుధవారం. చీకటి పడగానే పిల్లలు గుంపులు గుంపులుగా బయల్దేరారు. అక్కడ ఒక పద్ధతుంది. వాకిట్లో దీపం, అలంకరణ ఉన్న ఇంటి తలుపే కొడతారు. చీకటిగా ఉన్న ఇంటివైపు వెళ్ళరు. అంటే, వెలుగుతున్న కిటికీ 'రండి' అని పిలిచే పిలుపన్నమాట. మా గంట మోగడం మొదలైంది. "మీ దెయ్యం బాగుంది" అని ఒక పిల్లాడు. "అది మా నాన్న పంచె!" అని మా అమ్మాయి తెలుగులోనే సమాధానం. వాడికేం అర్థమైందో గాని తలూపి చాక్లెట్టు తీసుకు వెళ్ళాడు.

ఏడు గంటల వేళ ఎదురు వాటా పెద్దావిడ వచ్చింది. ఏడాదిగా ఎదురుపడితే చిరునవ్వు తప్ప మా మధ్య మాటలు లేవు. కిటికీ ముందు చాలాసేపు నిలబడి చూసి, ఎవరు చేశారని అడిగింది. తన చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గర కూచుని ఇలాగే నల్లకాగితంతో పిల్లుల్ని కత్తిరించేదాన్నని చెప్పింది. పిల్లలు దూరాన ఉంటారనీ, ఒక్కదాన్నీ ఎవరికోసం చేసుకోవాలి అనిపించి మానేశాననీ అంది. నేనేం అనాలో ఆలోచిస్తుండగానే మా అమ్మాయి వెళ్ళి, నిద్రపోతున్న పాలడబ్బా దీపాన్ని తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేసింది. పదినిమిషాల్లో ఎదురు కిటికీలో అది వెలిగింది. ఆ తర్వాత గుంపులు మా తలుపు కొట్టి, వెనక్కి తిరిగి ఆవిడ తలుపూ కొట్టాయి. చాక్లెట్లు అయిపోయి ఆవిడ మా ఇంటికి అప్పుకి వచ్చింది! ఆ దేశంలో నాకు దొరికిన మొదటి స్నేహితురాలు ఆవిడే. నలభై డాలర్ల అస్థిపంజరం కొని ఉంటే ఆవిడకి ఇవ్వడానికి మా దగ్గర ఏమి ఉండేది?

అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చేత్తో చేసుకోవడం చవక అంటే, డబ్బు బదులు టైము పెడుతున్నామని. ఆ టైము ఎవరిది? సాధారణంగా ఇంటి ఆడదానిదే. ఉద్యోగం చేసి, వండి, గిన్నెలు తోమి, రాత్రి పదింటికి గబ్బిలాలు కత్తిరించుకునే తల్లికి 'పొదుపు చెయ్యమ్మా' అని చెప్పడం అన్యాయం. పొదుపు పేరుతో మన నెత్తిన ఇంకో చాకిరీ ఎత్తుకోవడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో అట్టలు కోసింది మావారు, ముఖాలు గీసింది పిల్ల, నా పని కత్తిరింపు, అతుకు. రెండు సాయంత్రాలు టీవీ కట్టేశాం. అంతకుమించి ఎవరికీ శ్రమ కాలేదు. అంత తీరిక కూడా లేకపోతే కిటికీలో ఒక దీపం, ఒక గుమ్మడికాయ చాలు. పిల్లలకి అంతే కావాలి. 'మనం కూడా ఉన్నాం' అనిపించాలి, అంతే. అది కొనిపెట్టలేకపోయామని తల్లులు కుంగిపోవడం, అప్పుచేసి కొనడం, రెండూ వద్దు.

మేం 2020లో తిరిగి వచ్చేశాం. ఇప్పుడు ఇక్కడ కూడా ఈ వేడుక కనబడుతోంది. హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీల్లో, కొన్ని బడుల్లో అక్టోబరు చివర వేషాలు, అలంకరణలు. అది మనకెందుకని కొందరు, సరదాయే కదా అని కొందరు. ఆ వాదన పెద్దలు చేసుకోనివ్వండి. నాకు కావలసింది ఒక్కటే. బడినుంచి చీటీ రాగానే మాల్‌కి పరుగెత్తకండి. ఈ విద్య మనింట్లో లేనిది కాదు. సంక్రాంతికో దసరాకో బొమ్మలకొలువు పెట్టిన మన అమ్మమ్మలు ఏం కొన్నారు? కొలువు ముందు పార్కు కోసం పళ్ళెంలో మట్టి పోసి మెంతులు, ఆవాలు మొలకెత్తించేవాళ్ళు. అద్దం ముక్క పెడితే చెరువు. అగ్గిపెట్టెలు అతికిస్తే ఇల్లు. మెట్ల కోసం ట్రంకుపెట్టెలు పేర్చి పైన పాతచీర కప్పేవాళ్ళు. వాడకట్టు పిల్లలంతా వచ్చి చూసి, శనగలు తిని వెళ్ళేవాళ్ళు. ఎవరి కొలువు ఎంత ఖరీదని ఎవరైనా అడిగారా? ఎవరింటికి పిలిచారు, ఎవరింట్లో ఏం పెట్టారు అన్నదే ముచ్చట.

మా అమ్మాయికి ఇప్పుడు హాలోవీన్ మోజు తగ్గింది. కానీ పోయిన సంక్రాంతికి మా ఇంట్లో కొలువు అదే పెట్టింది. మెట్ల పక్కన, పార్కు చివర, తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి వెలుగుతోంది. కళ్ళజోడు పెట్టుకున్న ముఖం. అంత దూరం నుంచి సామాన్లలో ఎలా దాచి తెచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. చూడటానికి వచ్చిన మా అత్తగారు దాని ముందు ఆగి, కళ్ళు చికిలించి చూసి, "ఇదేమిటే, మా అబ్బాయిలా ఉన్నాడు?" అన్నారు.